కొనకుండా ఐదు బళ్లు

గేర్లు లేని స్కూటరు ఎనిమిదేళ్లు నడిపాను. గేరు బండికి లైసెన్సు కూడా ఉంది గానీ, పరీక్ష రోజు ఎనిమిది అంకె తిప్పి చూపించాక మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఆ మాత్రం ధీమాతోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్లాసిక్ 350 కొనేద్దామని షోరూమ్‌కి వెళ్లాను. స్టాండు తీసి నిటారుగా నిలబెట్టబోతే బండి రెండో వైపుకి ఒరిగింది. సేల్స్ కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. 195 కిలోలు. ఆ అంకె ముందే చదివాను, తొడకి ఆనాక గానీ అర్థం కాలేదు. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, నా ఎత్తు 157 సెంటీమీటర్లు.

బుకింగ్ సంగతి ఎత్తకుండా బయటపడ్డాను. అప్పట్నుంచి శని, ఆదివారాలు బళ్లు అద్దెకు తీసుకోవడం మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో ఐదు బళ్లు.

మొదటిది వంద సీసీది. తెలిసినవాళ్లు నవ్వారు, నవ్వనిచ్చాను. ఖాళీ మైదానంలో ఒక పొద్దుటిపూటంతా ఒకటే పని: యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్ పిసరంత పిసరంత వదులుతూ బండిని కదిలించడం. ఒకచోట ఇంజిన్ గొంతు బొంగురుపోతుంది, హ్యాండిల్ సన్నగా వణుకుతుంది, బండి ముందుకి లాగుతుంది. వేళ్లు ఆగాల్సింది అక్కడే. మొదటి గంటలో పదిహేడుసార్లు ఆఫ్ అయింది. వేరే పనేం లేదు, లెక్కపెట్టుకున్నాను.

తర్వాత నూటయాభై సీసీది తెచ్చుకుంటే, దాని క్లచ్ లివరు దాదాపు చివరిదాకా వదిలితే గానీ పట్టుకోదు. నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు తిట్టుకున్నాను గానీ, అద్దె బళ్లతో వచ్చే అసలు లాభం ఇదేనని ఇప్పుడనిపిస్తుంది. సొంత బండైతే దాని అవకరాలకి చెయ్యి అలవాటుపడిపోతుంది, అదే డ్రైవింగ్ అనుకుంటాం.

నాకు అలవాటైన అవకరం ఒకటి ఆ బండి మీదే బయటపడింది. ఎక్కణ్నుంచో ఒక బంతి రోడ్డు మీదకి దొర్లుకుంటూ వచ్చింది. నా ఎడమ చెయ్యి ఠక్కున బిగిసింది. స్కూటరు మీద అది వెనక బ్రేకు, ఇక్కడేమో క్లచ్. ఆగాల్సిన బండి, ఇంజిన్ పట్టు కూడా వదిలించుకుని ఇంకా హాయిగా సాగిపోయింది. బంతి తప్పుకుంది, నేను కాదు. ఆ తర్వాత రెండు వారాలు వేరే ఏదీ నేర్చుకోలేదు. ముప్పై వేగానికి వెళ్లడం, ఆపడం. ముందు బ్రేకు ఒక్కసారిగా లాగకుండా నిమ్మపండు పిండినట్టు పిండాలి. బరువు ముందు టైరు మీదకి వాలేకొద్దీ ఆ టైరుకి పట్టు పెరుగుతుంది, అప్పుడు ఇంకాస్త పిండొచ్చు.

పడింది కూడా దాని మీదనుంచే, అదీ నడక వేగంలో. యూ టర్న్ తీసుకుంటూ, హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉండగా ముందు బ్రేకు తాకాను. అంతే, పక్కకి పడుకుంది. అలాంటిచోట ముందు బ్రేకు నుంచి వేళ్లు తీసేసి, వెనక బ్రేకు లైట్‌గా తొక్కిపట్టి, క్లచ్‌ని ఆ వణుకు దగ్గరే ఉంచి, వెళ్లాల్సిన వైపుకి మెడ తిప్పి చూడాలి. చక్రం వంక చూస్తే అక్కడికే పోతాం. నేను చేసిన గీత ఒకటి, అద్దె దుకాణం ఆయన డిపాజిట్లో పట్టుకున్నది మూడు గీతలకి. అప్పట్నుంచి తాళం తీసుకోకముందే బండి చుట్టూ తిరిగి వీడియో తీస్తున్నాను, ట్యాంకు కింద భాగంతో సహా.

మూడోది పొడుగాటి అడ్వెంచర్ బండి. మునివేళ్లే అందాయి. నడుము కాస్త పక్కకి జరిపి ఒక్క పాదం పూర్తిగా ఆనిస్తే చాలని అదే నేర్పింది. నాలుగోది కేటీఎం వాళ్ల 390 డ్యూక్, గంటలో తిరిగిచ్చేశాను. దానికీ నాకూ జాతకాలు కలవలేదు.

చివరికి క్లాసిక్ 350, రెండు రోజులకి. కదిలాక బరువు ఎక్కడికి పోయిందో తెలియలేదు. అసలు తంటా పార్కింగ్‌లో వచ్చింది. పల్లానికి ముఖం పెట్టి నిలిపాను, వెనక్కి లాగలేక చెమటలు పట్టాయి, ఇద్దరొచ్చి లాగిపెట్టారు. ఇప్పుడు ఎక్కడ ఆపినా ముందు నేల వాలు చూస్తున్నాను, స్కూటరుతో ఆపినా సరే.

ఇంకా కొనలేదు. వచ్చే శనివారానికి అదే బండి మళ్లీ చెప్పిపెట్టాను, ఈసారి వెనక మనిషిని ఎక్కించుకుని చూడాలి. ఎక్కే మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.