గోడ లేని ఇగ్లూ

డాక్యుమెంటరీలో కనిపించేదంతా నిజమేనా అన్న గొడవ 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' నుంచీ ఉంది. అందులో హీరో నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. భార్యగా కనిపించే ఆవిడ అతని భార్యే కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యుయిట్ల (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసుల) చేత ఫ్లాహర్టీ పాతకాలపు ఈటెలు పట్టించాడు. వాళ్ళు మంచుదిమ్మలతో కట్టుకునే మామూలు ఇగ్లూలో కెమెరాకి వెలుతురు చాలదని ఒకవైపు గోడ లేకుండా పెద్దది కట్టించి, ఆ చలిలోనే ఇంటిల్లిపాదినీ పడుకుని లేచినట్టు నటించమన్నాడు.

ఇగ్లూ సంగతి సరే, ఆ రోజుల్లో వేరే దారి లేదు. నాకు మింగుడుపడనిది గ్రామఫోన్ సీనే. అదేంటో తెలియనట్టు నానూక్ రికార్డుని కొరికి చూస్తాడు, మనం నవ్వుకోవాలన్నమాట. షూటింగ్‌లో ఫిల్ము కడగడానికీ కెమెరా బాగుచెయ్యడానికీ ఫ్లాహర్టీకి చెయ్యందించింది మాత్రం ఆ ఇన్యుయిట్లే!