యాభై మందితో కార్తీక వనభోజనం: ముందు తోట, తర్వాతే వంట

వనభోజనాలు అనుకోగానే అందరూ వంటల లెక్కతో మొదలుపెడతారు. ముందు చూడాల్సింది తోట. అదీ మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి చూడాలి. ఉసిరి ఆకు సన్నం, నీడ పలచన. యాభై మంది కూర్చుంటే సగం మంది నెత్తిన ఎండే. పూజ ఉసిరి కింద చేసుకుని, పంక్తి పక్కనున్న మామిడి కింద వేయండి. కొమ్మలన్నీ తలెత్తి చూడండి. తేనెపట్టు కనిపిస్తే ఆ చుట్టుపక్కల పొయ్యి వెలిగించే మాటే వద్దు. పొగ తగిలితే ఈగలు లేచి మీద పడతాయి, ముసలివాళ్లూ పిల్లలూ పరిగెత్తలేరు.

పొయ్యి చెట్టు మొదట్లో పెడితే బెరడూ వేళ్లూ కమిలిపోతాయి. మన సరదా కోసం చెట్టును చంపుకోవడం పాపం. కనీసం 20 అడుగుల దూరంలో, పొగ పంక్తి మీదికి రాని వైపు గాడిపొయ్యి తవ్వి, నోరు గాలికి ఎదురుగా ఉంచండి.

అన్నం, పప్పు, ఒక కూర అక్కడ వండితే చాలు. అన్నీ డబ్బాల్లో తెచ్చుకుంటే మాత్రం వనభోజనం కళే రాదు. పులిహోర, దద్దోజనం ఇంటి దగ్గరే కలుపుకోండి. పులిహోరకు 3 కిలోల బియ్యం, 350 గ్రాముల చింతపండు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు పళ్లేల్లో ఆరబోసి, నూనె తేలేదాకా ఉడికిన పులుసు కలపాలి. వేడి మీద మూత పెట్టారో, ఆవిరి నీరై దిగి ముద్దవుతుంది, మధ్యాహ్నానికి వాసనేస్తుంది. దద్దోజనంలో పెరుగు ఎక్కువ పోస్తే పులిసిపోతుంది. కిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు 3 లీటర్లు, తోడుకు రెండు చెంచాల పెరుగు కలపండి. పొద్దున ఏడింటికి కలిపితే భోజనం వేళకు కమ్మగా తోడుకుంటుంది. ఉప్పు, తాలింపు వడ్డించే ముందే.

నీళ్ల దగ్గరే అందరూ తప్పుతారు. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు నాలుగు, వంటకూ చేతులకూ వేరే డ్రమ్ము ఉండాలి. విస్తళ్లు గాలికి లేస్తాయి, నీళ్లు చిలకరించి ముందు అన్నం వడ్డించండి. ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్లు వద్దే వద్దు, పశువులు తింటాయి. మోదుగాకు విస్తరైతే తోటలోనే గుంట తీసి పూడ్చేయొచ్చు.

కార్తీకంలో సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది. నాలుగున్నరకే సర్దడం మొదలుపెట్టండి. నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోసి, మట్టి కప్పాకే బండెక్కండి.