దొరగారి బహుమతి కాదు, తాతగారి కొనుగోలు

నాన్నగారు పోయాక ఆయన రివాల్వర్‌ను చట్టప్రకారం గుంటూరులో ఒక ఆయుధ దుకాణంలో డిపాజిట్ చేశాం. వారసుడిగా లైసెన్సు కోసం కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టడానికి దాని వివరాలు కావలసి వచ్చాయి. రాసుకోవడానికి వెళితే, "ఇది ఏ కాలం నాటిదండీ?" అని అడిగారు దుకాణం పెద్దాయన.

మా ఇంట్లో దానికి జవాబు సిద్ధంగానే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒక దొరగారు మా ముత్తాతను మెచ్చి ఇచ్చారట. తెనాలి బాబాయి ఏ పెళ్లికి వచ్చినా ఈ కథ చెప్పకుండా భోజనానికి లేవరు.

పెద్దాయన ఎడమవైపు మీటను బొటనవేలితో నొక్కారు. గొట్టం ముందుకు వాలింది, సిలిండర్ మధ్యలో తూటా గుల్లలను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు పలక పైకి లేచింది. ఆరు గదులూ ఖాళీ అని నాకు చూపించి, ఆ తర్వాతే భూతద్దం చేతికిచ్చారు. ముప్ఫై రెండు బోరు, నల్లటి పిడి. ఫ్రేము మీద, సిలిండర్ మీద ఒకటే నంబరు. అంటే సిలిండర్ ఎక్కడా మారలేదు.

కంపెనీ పేరు 'వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్' అని ఉంది. 1897లో ఏర్పడిన ఈ బర్మింగ్‌హామ్ సంస్థ పేరులో మొదట 'రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ' అన్న మాటలుండేవి. ఈ పొట్టి పేరు 1906లో వచ్చింది. దొరగారి కథ అక్కడే ఆగిపోయింది. గొట్టం మీది పరీక్ష ముద్రలు, అంటే తుపాకీని పేల్చి పరీక్షించాక కొట్టే గుర్తులు చూస్తే, కిరీటం కింద 'బీపీ', మరో కిరీటం కింద 'బీవీ'. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ఈ ముద్రలను 1904 నుంచి 1954 దాకా వాడింది. ఆ తర్వాత పరీక్షించినదైతే 'బీఎన్‌పీ' ఉండేది. పాత తుపాకీ వయసు తేల్చాలంటే నేను ముందు నమ్మేది ఈ ముద్రలనే. ఇంటి కథలు ఎంత ముద్దుగా ఉన్నా వాటి తర్వాతే.

పైపట్టీ మీద అరిగిన అక్షరాలను వెలుతురుకు ఏటవాలుగా పట్టి కూడబలుక్కున్నాను: 'ఆర్.బి. రొడ్డా అండ్ కో, కలకత్తా'. అంటే తయారీదారు కాదు, అమ్మిన ఆయుధ వ్యాపారి పేరు. నాకు ఒళ్లు జలదరించింది. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లను ఎత్తుకుపోయింది ఈ రొడ్డా కంపెనీ సరుకులోంచే!

ఇక మిగిలింది కాగితం. అమ్మ ట్రంకుపెట్టెలో, పొలం దస్తావేజుల కింద, మద్రాసు ప్రభుత్వం నాటి లైసెన్సు దొరికింది. అది తాతగారి పేర, 1931 నాటిది. వెనుక రొడ్డా వాళ్లు అమ్మినట్టు ముద్ర, పక్కనే మన నంబరు. పొగాకు వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్న మనిషి కలకత్తా నుంచి తెప్పించుకున్నాడన్నమాట. దొరగారి మెప్పు కంటే ఇది నాకు ఎక్కువ గర్వంగా ఉంది. బాబాయికి ఫోనులో చదివి వినిపించాను. "అయితే దొర ఇచ్చింది ఇంకొకటి అయి ఉంటుందిరా" అన్నారు.

ఇటువంటిది మీ ఇంట్లోనూ ఉంటే, మెరుగు పెట్టిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. రాపిడికి ముందు పోయేవి ఈ చిన్న ముద్రలే. సన్నటి నూనె, మెత్తటి గుడ్డ చాలు. లైసెన్సుదారు పోయినవారైతే దాన్ని బీరువాలో ఉంచుకోకూడదు, పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి ఒక మనిషికి రెండే ఆయుధాలు.

తయారైన సంవత్సరం ఇంకా తేలలేదు, 1906కూ 1931కీ మధ్య ఎక్కడో ఉంది. మీ పెద్దల కాగితాల్లో రొడ్డా వాళ్ల పాత రసీదుగానీ ధరల పట్టీగానీ ఉంటే ఫొటో తీసి పంపండి.