ఆటో సీపాప్‌తో మొదటి ఆరు నెలలు

నిద్ర పరీక్ష నివేదికలో నా ఏహెచ్ఐ 38 అని ఉంది. అంటే నిద్రలో గంటకు సగటున 38 సార్లు నా శ్వాస పూర్తిగా ఆగిపోవడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోందన్నమాట. ఒక్కొక్కటీ కనీసం 10 సెకన్లు సాగితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ సంఖ్య 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. రాత్రంతా నిద్రపోయాననుకుని లేచి, మధ్యాహ్నానికి కూర్చున్నచోటే తూగుతూ వచ్చిన నాకు ఆ అంకె చూశాక ఆశ్చర్యం కంటే ఊరటే ఎక్కువ కలిగింది. నా భార్య మాత్రం, "మీకు ఊపిరి ఆగుతోందని ఎన్నిసార్లు చెప్పాను, కాగితం మీద చూస్తే గాని నమ్మరా?" అన్నది.

డాక్టరు గారు ఆటో సీపాప్ రాశారు. సీపాప్ అంటే నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. మామూలు సీపాప్ రాత్రంతా ఒకే పీడనంతో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఆటో రకం మాత్రం మనం నిర్ణయించిన రెండు హద్దుల మధ్య అవసరాన్ని బట్టి పీడనాన్ని తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. నా చేతికి వచ్చినప్పుడు ఆ హద్దులు 4, 20 సెంటీమీటర్ల నీటి పీడనం, అంటే ఆ యంత్రం ఇవ్వగలిగిన కనిష్ఠం, గరిష్ఠం. 'ఆటో' అన్న మాట విని, కొన్నాళ్లు నన్ను గమనించి, నా గొంతు తీరు నేర్చుకుని, ఆపైన తనంతట తానే కుదురుకుంటుందని అనుకున్నాను. ఆ అపోహ తొలగడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

మొదటి రాత్రి యంత్రం 4 దగ్గర మొదలైంది. గిన్నెలో నాలుగు సెంటీమీటర్ల ఎత్తున పోసిన నీళ్లు అడుగున ఎంత ఒత్తిడి కలిగిస్తాయో అంతే అది. చాలామంది పీడనం ఎక్కువై ఊపిరాడదేమోనని భయపడతారు గాని, నాకు ఎదురైన ఇబ్బంది అందుకు పూర్తిగా వ్యతిరేకం: ముక్కు మీద తడిగుడ్డ కప్పినట్టు, పీల్చిన గాలి చాలనట్టు అనిపించింది. ఎప్పటికో నిద్ర పట్టింది. తెల్లవారి చూస్తే మాస్కు దిండు కింద ఉంది, యంత్రం తెర మీద వాడిన సమయం 2 గంటల 10 నిమిషాలు అని ఉంది. మాస్కు ఎప్పుడు తీశానో నాకు తెలియదు. మొదటి వారమంతా ఇంచుమించు అలాగే గడిచింది. సాయంత్రాలు కుర్చీలో కూర్చుని, మాస్కు పెట్టుకుని, యంత్రం నడుస్తుండగా అరగంట ఏదైనా చదువుకోమని ఎవరో ఇచ్చిన సలహా నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది. మెలకువలో అలవాటు పడని ముఖం నిద్రలో అలవాటు పడుతుందని ఆశించడం పొరపాటే.

రెండో చిక్కు లీకు. గాలి కంటివైపు చిమ్ముతుంటే పట్టీలను ఇంకా బిగించాను. దానితో ముక్కు దూలం మీద ఎర్రటి మచ్చ మిగిలింది గాని లీకు ఆగలేదు, పైగా పెరిగింది. మాస్కు అంచున ఉండే మెత్తటి సిలికాన్ పొర గాలితో కాస్త ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. బిగిస్తే అది నలిగి ముడతలు పడుతుంది, ఆ ముడతల్లోంచే గాలి పోతుంది. ఇంకొక సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది: కూర్చుని పట్టీలు సరిచేసుకుంటే ప్రయోజనం లేదు, ఎందుకంటే పడుకోగానే బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారమే మారిపోతుంది. పడుకుని, యంత్రం నడుస్తుండగా పట్టీలన్నీ వదులు చేసి, లీకు ఆగేంతవరకే కొద్దికొద్దిగా బిగించాలి. ఈ మచ్చ నన్ను పదిహేను రోజులు వెంటాడింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

లీకు ఎక్కువైతే పోయేది సుఖనిద్ర ఒక్కటే కాదు, యంత్రం తీర్పు కూడా దెబ్బతింటుంది. మనం గాలి పీల్చిన ప్రతిసారీ గాలి ప్రవాహాన్ని అది రేఖగా చూస్తుంది. గొంతు తెరిచి ఉంటే ఆ రేఖ గుట్టలా గుండ్రంగా లేచి దిగుతుంది. గొంతు ఇరుకైతే గుట్ట తల నరికినట్టు చదునవుతుంది. ఆ చదునును, గురక వల్ల పుట్టే ప్రకంపనలను, శ్వాస పూర్తిగా ఆగడాన్ని గమనించి యంత్రం పీడనాన్ని పెంచుతుంది. శ్వాస ఆగినప్పుడు నా యంత్రం ముందుగా గాలిని సన్నగా అటూ ఇటూ కదిలించి దారి మూసుకుందో తెరిచే ఉందో పరీక్షిస్తుంది. దారి తెరిచే ఉంటే అది సెంట్రల్ ఆప్నియా, అంటే మెదడు నుంచే ఆజ్ఞ రాలేదన్నమాట. అప్పుడు పీడనం పెంచినా ఫలితం ఉండదు కనుక పెంచదు. గుండె బలహీనత వల్ల ఈ సెంట్రల్ రకం ఆప్నియా ఉన్నవారికి ఆటో యంత్రం తగినది కాదని, వారికి వేరే పరీక్షలు, వేరే చికిత్స అవసరమని డాక్టరు గారు మొదటే చెప్పారు.

నెలన్నర గడిచినా నా ఏహెచ్ఐ 9కీ 11కీ మధ్యే తిరుగుతుండటంతో, మెమొరీ కార్డులోని రాత్రుల గ్రాఫులను ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూశాను. అన్నీ ఒకే కథ చెప్పాయి. యంత్రం 4 దగ్గర మొదలవుతుంది, నిద్ర పట్టిన కాసేపటికి శ్వాస ఆగడాలు గుంపుగా వస్తాయి, పీడనం మెట్లెక్కినట్టు 11 దాకా వెళుతుంది, అంతా సద్దుమణుగుతుంది; సద్దుమణిగింది కనుక పీడనం మెల్లగా 6 దాకా దిగుతుంది, వెంటనే మరో గుంపు మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటి తర్వాత ఆ మెట్లు ఇంకా ఎత్తుగా ఉన్నాయి, ఎందుకంటే కలలు వచ్చే నిద్రదశ అప్పుడే ఎక్కువ, ఆ దశలో గొంతు కండరాలు మరింత వదులవుతాయి. ఇంత జరిగినా మర్నాటి రాత్రి నా యంత్రం మళ్లీ 4 దగ్గరే మొదలయ్యేది. నిన్న రాత్రి 11 కావలసి వచ్చిందన్న జ్ఞాపకం దానికి లేదు. ఊపిరి ఊపిరికీ సర్దుకోవడం దానికి వచ్చు. రాత్రి నుంచి రాత్రికి నేర్చుకోవలసినవాణ్ణి నేనే.

ఆ గ్రాఫులను డాక్టరు గారికి చూపించాను. ఆయన చూసినది ఒకే అంకె: రాత్రిలో 95 శాతం సమయం పీడనం ఏ అంకెకు లోబడి ఉందో చెప్పేది. నాది 11.2. కనిష్ఠాన్ని 8కి పెంచి, గరిష్ఠాన్ని 14కి తగ్గించి, గాలి వదిలేటప్పుడు పీడనం 2 తగ్గేలా అమర్చారు. పీడనం పెంచితే ఊపిరి ఆడదనుకుంటూ పడుకున్న నాకు ఆ రాత్రే మొదటిసారిగా మాస్కులో గాలి చాలినట్టనిపించింది. తర్వాతి వారం ఏహెచ్ఐ 4 దగ్గరికి, నెల తిరిగేసరికి 2 దగ్గరికి దిగింది. మధ్యలో కొన్ని సెంట్రల్ ఆప్నియాలు కనిపించి కంగారు పడ్డాను. చికిత్స తొలిదశలో కొందరికి అవి రావడం, చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో వాటంతట అవే తగ్గడం మామూలేనని ఆయన చెప్పినట్టే అవి తగ్గిపోయాయి.

ఒక చలి రాత్రి గొట్టంలో గుడగుడమని చప్పుడై, ముక్కులోకి చల్లని నీటి చుక్కలు పడి ఉలిక్కిపడి లేచాను. హ్యూమిడిఫయర్ నుంచి వచ్చే తేమగాలి చల్లని గొట్టంలో నీరుగా మారుతుంది. తేమ స్థాయి ఒక మెట్టు తగ్గించి, యంత్రాన్ని మంచం కంటే దిగువన పెట్టాక మళ్లీ ఆ బాధ లేదు.

వెల్లకిలా తిరగకుండా వీపు వెనుక దిండు పెట్టుకోవడం మొదలుపెట్టాక తెల్లవారుజాము మెట్లు బాగా చిన్నవయ్యాయి. మూడో నెల నుంచి వాడకం రోజూ ఆరున్నర గంటలకు తగ్గలేదు. అప్పటికే ఏళ్ల తరబడి మరిచిపోయిన కలలు, అవీ పొడవైనవి, పొంతన లేనివి, వరసగా రావడం మొదలైంది.

ఆరో నెలలో, పీడనం ఇంత స్థిరంగా ఉన్నప్పుడు ఆటో అవసరమా, 10 దగ్గర స్థిరంగా పెట్టి చూద్దామా అని డాక్టరు గారు అడిగారు. రెండు వారాలు అలాగే వాడాను. ఏహెచ్ఐలో తేడా లేదు, నిద్ర ఇంకాస్త నిశ్చలంగా ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. అయితే ఆ రెండు వారాల్లోనే జలుబు చేసి ముక్కు మూసుకుపోవడంతో, పక్కకు పడుకోలేక వెల్లకిలా పడుకున్న మూడు రాత్రులు గురక తిరిగి వచ్చింది, ఏహెచ్ఐ 7 దాటింది. కనుక మళ్లీ ఆటోకే మారాను, అయితే ఈసారి 8.6 నుంచి 12 వరకే.