కరిగించకుండా అల్యూమినియం అతికించడం, మన ఎం.టెక్ ప్రాజెక్టుల గోల

అల్యూమినియం అతకాలంటే అందరికీ టిగ్ (ఆర్క్‌తో కరిగించి అతికే వెల్డింగ్) గుర్తొస్తుంది, 6061 అనే అల్యూమినియం మిశ్రమానికి బానే నడుస్తుంది కూడా, కానీ విమానాల్లో వాడే 2024, 7075 రకాల దగ్గరికొచ్చేసరికి టిగ్ చేతులెత్తేస్తుంది. కరిగిన మెటల్ మళ్లీ గట్టిపడేటప్పుడు పగుళ్లిస్తుంది, హైడ్రోజన్ వల్ల లోపల సన్న బొక్కలు సరేసరి. అందుకే విమానాలకి రివెట్లే దిక్కయ్యాయి.

1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో వేన్ థామస్ టీమ్ అసలు కరిగించడమే మానేసింది. అదే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్. రెండు ప్లేట్లు ఆనించి గట్టిగా క్లాంప్ చేసి, గిర్రున తిరిగే టూల్‌ని జాయింట్‌లోకి దించుతారు, టూల్ భుజం (పిన్ కంటే వెడల్పుగా ఉండే పై భాగం) ప్లేట్ల పైన రుద్దుకుంటూ వేడి పుట్టిస్తుంది, కింద పిన్ మెత్తబడ్డ లోహాన్ని ముందు నుంచి వెనక్కి తోస్తూ పోతుంది, అచ్చం సంగటి కెలికినట్టే. ఫిల్లర్ లేదు, గ్యాస్ లేదు, కళ్లు మండే ఆర్క్ అసలే లేదు.

మన కాలేజీల్లో దీన్ని మామూలు వర్టికల్ మిల్లింగ్ మిషన్ మీదే లాగించేస్తారు. తప్పనను, బడ్జెట్ అంతే కదా. కానీ ఆ మిషన్ లోతు పట్టుకుంటుందే గానీ కింది ఒత్తిడి పట్టుకోదు, ప్లేట్ కాస్త వంగి ఉన్నా భుజం గాల్లోకి లేస్తుంది, లోపల సొరంగంలా ఖాళీ ఉండిపోతుంది. అయినా ఒక్కోసారి పైన చూస్తే అర్ధచంద్రాల్లాంటి గీతలు వరసగా, మెరుస్తూ, ఫొటోకి భలే ఉంటుంది!

ఇంకా మోసం చేసేది కిస్సింగ్ బాండ్. పిన్ పొట్టిదైతే అడుగున రెండు అంచులూ తాకి ఉంటాయి గానీ అతుక్కోవు, ఎక్స్‌రేలో కూడా తప్పించుకుపోవచ్చు. అడుగు వైపు బయటికొచ్చేలా బెండ్ టెస్ట్ చేస్తే మాత్రం నోరు తెరుస్తుంది. ఇది చెయ్యకుండా టాగుచి ఎల్9 టేబుల్ (తొమ్మిది ప్రయోగాల పట్టిక) వేసేసి, చతురస్రం పిన్ గొప్పదా థ్రెడ్ పిన్ గొప్పదా అని తేల్చేస్తే ఎలా బాబూ?

అసలు 6061-టీ6లో (వేడి ప్రక్రియతో బలపరిచిన 6061) వెల్డ్ బాగా వస్తే టెన్సైల్ శాంపిల్ (లాగి తెంపి చూసే ముక్క) సాధారణంగా వెల్డ్ మధ్యలో తెగదు, పక్కన వేడికి మెత్తబడ్డ చోట తెగుతుంది, బలాన్నిచ్చే సన్న అవక్షేపాలు (లోహం లోపలి సూక్ష్మ కణాలు) అక్కడ ముదిరిపోతాయి కాబట్టి. అంటే మీరు కొలిచింది పిన్ ఆకారాన్ని కాదు, అది ఎంత వేడి పెట్టిందో దాన్ని. ముందు శాంపిల్ ఎక్కడ తెగిందో చూడండి, నంబర్ తర్వాత.

ఇక చివర్లో టూల్ పైకి లేపితే బొక్క మిగులుతుంది. ప్లేట్ అయితే ఆ ముక్క కోసి పారేస్తాం, గుండ్రటి రాకెట్ ట్యాంక్‌కి ఎక్కడ కోస్తాం? అందుకే నాసా వాళ్లు వెల్డ్ ముగిసే దగ్గర పిన్ కొద్దికొద్దిగా భుజంలోకి ముడుచుకుపోయే టూల్ తయారుచేసుకున్నారు.