సోమవారం లోపు బండి చెప్పాలి

శనివారం, నవంబరు 15, 2025. కర్నూలు.

ఈ రోజు టూరు లేదు. అయినా అలవాటు కొద్దీ అయిదింటికే మెలకువ వచ్చేసింది. మంచం దిగుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. నిన్న ఆదోని పోయొచ్చాను కదా, దాని ఫలితం. ఇది పత్తి రోజులు. మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు బోరాలు రోడ్డు సగందాకా వేలాడేసుకుని పోతుంటాయి. వాటి వెనక సెకండ్ గేరు, థర్డ్ గేరు, మళ్లీ సెకండ్. రాను పోను దాదాపు 200 కిలోమీటర్లలో క్లచ్ ఎన్నిసార్లు తొక్కి ఉంటానో మోకాలికే తెలియాలి.

టీ తాగుతూ హెచ్ఆర్ వాళ్ల మెయిల్ మళ్లీ చదివాను. కంపెనీ ఇచ్చే బండి ఏది కావాలో సోమవారం లోపు ఫారం నింపి పంపాలి. పంతొమ్మిదేళ్లుగా విత్తనాల కంపెనీలో ఉన్నాను. ఇన్నాళ్లూ సొంత బండి, కిలోమీటరుకు ఇంత అని ఇచ్చేవాళ్లు. ఏప్రిల్లో ఏరియా మేనేజరును చేసి, ఉన్న కర్నూలు, నంద్యాల, ఆదోని, ఎమ్మిగనూరు చాలవన్నట్టు గద్వాల, రాయచూరు కూడా కలిపారు. జీతం పెరిగింది కొంచెం, రోడ్డు పెరిగింది చాలా. దానికి బదులుగా కంపెనీ బండి. నాలుగేళ్ల లీజు, సర్వీసు, ఇన్సూరెన్సు వాళ్లవే. ఇంధనం కూడా వాళ్లదే గానీ నెలకు 18,000 దాకే. మించితే నా జేబులోంచి. ఆ అంకె ఎవరు ఎప్పుడు వేశారో గానీ, అందరూ డీజిల్ బండ్లు నడిపే రోజుల్లో వేసినట్టుంది.

ఫారంలో మూడు గడులున్నాయి. పెట్రోల్ ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్, సీఎన్‌జీ హ్యాచ్‌బ్యాక్, డీజిల్ హ్యాచ్‌బ్యాక్. మూడోదాంట్లో ఒక్కటే పేరు, టాటా వాళ్ల ఆల్ట్రోజ్. కంపెనీవాళ్ల పిసినారితనం అనుకున్నాను మొదట. కాదు, దేశంలో మిగిలిందే అదొక్కటి. పదేళ్ల కింద ఇదే పని మీద తిరిగితే స్విఫ్ట్, ఐ20, పోలో, ఫిగో, జాజ్, ఏది కావాలన్నా డీజిల్‌లో దొరికేది. 2020 ఏప్రిల్లో బీఎస్6 అనే పొగ నిబంధనలు రాగానే మారుతీ డీజిల్ మానేసింది. చిన్న బండికి ఆ పొగ శుద్ధిచేసే సరంజామా అంతా తగిలిస్తే ధర గిట్టదు మరి. 2023లో నిబంధనలు ఇంకా బిగించాక ఐ20 డీజిల్ కూడా పోయింది. బట్టల కొట్లో అరలన్నీ చూపించి చివరికి ఒకే చీర మడత విప్పినట్టుంది నా పరిస్థితి. ఎంపిక అంటున్నారు గానీ, తీసుకుంటావా వద్దా అన్నదే ప్రశ్న.

ఎరువుల డీలరు ఇచ్చిన క్యాలెండర్ వెనక లెక్క వేశాను. నెలకు 3,500 కిలోమీటర్లు. డీజిల్ లీటరుకు 20 ఇస్తుందనుకుంటే 175 లీటర్లు, చిల్లర వదిలేసి 97 రూపాయల చొప్పున 17,000కు ఒక పాతిక తక్కువ. పరిమితి లోపలే. పెట్రోల్ ఆటోమేటిక్‌కు 15 వేసుకుంటే 233 లీటర్లు, 109 చొప్పున 25,400. అంటే ప్రతి నెలా 7,400 నా చేతి చమురు. నలభై ఎనిమిది నెలలకు మూడున్నర లక్షలు. అంత డబ్బు ఒక్కసారిగా ఎవరైనా అడిగితే కొట్టేంత పని చేస్తాను. నెలనెలా పోతే మాత్రం తెలిసేది కాదు.

పెట్రోల్‌కు 15 వేయడం కూడా కాస్త ధారాళమేనేమో. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. పైగా మన రాష్ట్రంలో వ్యాటు శాతం కాక, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు, రూపాయి రోడ్డు సెస్సు. ఆ సెస్సు ఏ రోడ్డు మీద పడిందో ఒకసారి చూపిస్తే దండం పెట్టుకుంటాను. రాయచూరు కలిపినందుకు నాకు దక్కిన లాభం ఒక్కటే, అక్కడ డీజిల్ అయిదారు రూపాయలు తక్కువ. 37 లీటర్ల ట్యాంకు నింపుకుంటే ఆ పూట భోజనం ఖర్చు వచ్చేస్తుంది.

సీఎన్‌జీ సంగతి తేల్చడానికి అరనిమిషం పట్టింది. జంట సిలిండర్లు కింద సర్దినా ఆల్ట్రోజ్ డిక్కీ 345 లీటర్ల నుంచి 210కి పడిపోతుంది. పత్తి విత్తనాల ప్యాకెట్ 475 గ్రాములే గానీ, సీజన్లో అవి అట్టపెట్టెలతో వస్తాయి. వాటికి తోడు జొన్న, మొక్కజొన్న శాంపిళ్లు, ఫ్లెక్సీలు, కర్రలు, డీలర్లకు పంచే గొడుగులు. కరెంటు బండి ఫారంలో లేనే లేదు. ఉన్నా, మధ్యాహ్నం గంటసేపు ఎక్కడో ఒకచోట ఆగుతాను నిజమే గానీ, ఆ గంట చార్జరున్న చోటే ఆగుతానని రాసివ్వలేను.

తొమ్మిదికి ఉగ్గాని బజ్జీ తిని మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయాను. నా 2016 స్విఫ్ట్ డీజిల్ మొదటి నుంచీ ఆయన చేతిలోదే. 2,64,000 తిరిగింది. ఆ 1.3 లీటర్ల ఇంజన్ శబ్దం వింటే ఆయిల్ ఎప్పుడు మార్చామో చెప్పగలడాయన. నంద్యాల నుంచి ఒక మెడికల్ రెప్ తన ఆల్ట్రోజ్ డీజిల్ వీల్ అలైన్‌మెంట్‌కు తెస్తున్నాడని, నన్నూ రమ్మన్నాడు. "షోరూం బండిలో ఏం తెలుస్తుంది సార్, తిరిగిన బండి చూడాల" అని.

62,000 తిరిగిన బండి. కుర్రాడు మర్యాదస్తుడు, తాళం నా చేతికే ఇచ్చి పక్కన కూర్చున్నాడు. తలుపు నేరుగా 90 డిగ్రీలు తెరుచుకుంది. దిగడానికి మోకాలు ఎక్కువ వంచక్కర్లేదు. ఇలాంటివి బ్రోషర్లో చదివినప్పుడు పట్టించుకోలేదు, కాలు నొచ్చుతున్నప్పుడు పట్టించుకుంటాం. స్టార్ట్ చేస్తే డీజిల్ గరగర వినిపించింది. నాకది శబ్దం కాదు, పలకరింపు. బెంగళూరు హైవే ఎక్కి ఫోర్త్‌లో వేసి చూశాను. 1,497 సీసీ, 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు అని కాగితం మీద ఉంటుంది. దాని అర్థం ఏంటంటే, ముందున్న లారీని దాటాలంటే గేరు తగ్గించక్కర్లేదు, కాలు కాస్త అదిమితే చాలు. టర్బో అందుకునేదాకా ఒక క్షణం ఆగి, తర్వాత వెనకనుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు పోతుంది. హైవే మీద 20, 21 వస్తోందట. ఊళ్లో ఏసీ వేస్తే 17.

చిన్నటేకూరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మాట్లాడ్డం ఆపేశాం. గత నెల 24న తెల్లవారుజామున బస్సు తగలబడింది ఇక్కడే. యూటర్న్ తీసుకున్నాక కుర్రాడు నెమ్మదిగా, "మా అమ్మ అందుకే సార్, రాత్రి ఏడు దాటితే అక్కడే పడుకో అంటాది" అన్నాడు. 2020లో, బండిని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ బండికి పెద్దల రక్షణలో అయిదు నక్షత్రాలొచ్చాయని రాత్రే చదివాను. చదివినప్పుడు అదొక పాయింటు. ఆ మలుపు దగ్గర పాయింటులా అనిపించలేదు.

షెడ్డుకు తిరిగొచ్చాక భాయ్ అసలు ప్రశ్న వేశాడు. "రోజుకు ఎన్ని కిలోమీటర్లు సార్, అది కూడా ఆగకుండా?" కొత్త డీజిళ్లలో పొగగొట్టం దారిలో మసి పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మసి నిండితే ఇంజన్ దాన్ని దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేస్తుంది. ఆ పని జరగాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో పోవాలి. "ఊళ్లో స్కూలుకు, కూరగాయలకు తిప్పేటోళ్లు డీజిల్ కొంటే నా దగ్గరికే వస్తారు, లైటు వెలిగిందని. మీరు రారులే." ఆ "రారులే"లో కాస్త నిరాశ కూడా వినిపించింది నాకు. హైదరాబాదులో మా బామ్మర్ది అచ్చం ఆ తప్పే చేశాడు. ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు, బండేమో పెద్ద డీజిల్ ఎస్‌యూవీ. ఆదివారం పూట ఆ జల్లెడ కాల్చడానికని ఔటర్ రింగ్ రోడ్డు మీద ఊరికే తిరిగొస్తాడు. ఆ ఔటర్ టోలు డబ్బులు కలిపితే అతని మైలేజీ ఎంతో నేనడగలేదు, బంధుత్వం కదా.

మధ్యాహ్నం ఇంటికొచ్చి విషయమంతా చెప్పాను. మా ఆవిడ లెక్కలన్నీ విని, "ఆటోమేటిక్ తీసుకోండి, ఆ మోకాలితో ఇంకా క్లచ్ ఏంటి?" అంది. డీజిల్‌లో ఆటోమేటిక్ రాదు, అయిదు గేర్ల మాన్యువలే అన్నాను. "అయితే మూడున్నర లక్షలకు కాలు అమ్ముతున్నారన్నమాట." అంత మాట అనేసరికి నాకు జవాబు తోచలేదు. టార్క్, అంటే లాగే బలం, ఎక్కువ కాబట్టి గేర్లు మార్చే పని తగ్గుతుందని చెప్పాను. అది నిజమే, సగం నిజం. హైవే మీద తగ్గుతుంది. పత్తి ట్రాక్టర్ల వెనక ఏ బండైనా ఒకటే.

పక్కింటాయన గోడ మీద నుంచి తన వంతు చెప్పాడు. డీజిల్ బండ్లు బంద్ చేస్తారట, ఢిల్లీలో పదేళ్లకే తీసేస్తున్నారట. ఢిల్లీ సంగతి ఢిల్లీది, నాది నాలుగేళ్ల లీజు, తర్వాత అమ్ముకునే తలనొప్పి నాది కాదు అన్నాను. "అయినా మేనేజరువి, ఎస్‌యూవీ తీసుకోవాల" అన్నాడు. నాలుగు మీటర్ల లోపు, 1,500 సీసీ లోపు ఉన్న డీజిల్ బండికి సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు సెస్సుతో కలిపి 31. ఈ బండి పొడవు 3,990 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల తేడాతో గట్టెక్కింది. లీజు వాయిదా ఆ మేరకు తగ్గింది గనకే కాస్త పై వేరియంట్ నా పరిమితిలో పట్టింది. ఇదంతా గోడ మీదుగా ఎక్కడ చెప్పను. చూద్దాంలే అన్నా అని లోపలికొచ్చేశాను.

సాయంత్రం ఫారం నింపడానికి కూర్చున్నాను. పేరు, ఎంప్లాయీ నంబరు, డీజిల్ గడిలో టిక్కు. రంగు దగ్గర తెలుపు ఒక్కటే ఇచ్చారు, అదీ నయమే. కింద రెండు ఖాళీలు. ఆఫీసు పనికి నెలకు ఎన్ని కిలోమీటర్లు? 3,500. సొంత అవసరాలకు? అక్కడ పెన్ను ఆగింది. అకౌంట్స్‌లో అడిగితే, బండి సొంతానికి కూడా వాడతారు కాబట్టి, ఇంజన్ 1.6 లీటర్ల లోపు గనక నెలకు 1,800 జీతానికి కలిపి దానిమీద పన్ను లెక్కేస్తారని చెప్పారు. ఎన్ని తిరిగినా అంతేనట. ఎంత తిరుగుతానా అని పాత బండి గురించి ఆలోచిస్తే, పోయిన నెల సొంతానికి తిరిగింది రైతుబజారుకు రెండుసార్లు, పాప ట్యూషన్‌కు వాన రోజు ఒకసారి. యాభై రాశాను.

వెనకనుంచి మా ఆవిడ చూసింది. "మా కోసం తిరిగేదానికి పన్ను కడుతున్నారా?"

"అవును."

"యాభైకా?"

కార్తీకం ఇంకో అయిదు రోజుల్లో అయిపోతుందని, యాగంటి పోదామని దసరా నుంచి అంటూనే ఉన్నానని ఆమె గుర్తు చేయలేదు. చేయాల్సిన పని లేదు కూడా. యాభై కొట్టేసి 250 అని దిద్దాను. ఫారం మీద కొట్టివేతలుంటే మళ్లీ పంపమంటారేమో తెలీదు.

రేపు పొద్దున్నే అయిదింటికి బయలుదేరాలి. పాత బండిలోనే. డిక్కీలో గొడుగుల కట్ట ఇందాకే తీసి వరండాలో పెట్టాను. పాప ముందు సీటు నాదని ఇప్పుడే చెప్పేసింది.