కిడ్నీ డాక్టర్ డేటు వచ్చేలోగా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మా కవిటి వైపు ఎవరినైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే ముందు క్రియాటినిన్ ఎంతో చెప్తారు. రక్తపరీక్షలో వచ్చే అంకె అది, పెరిగితే కిడ్నీలు సరిగా పనిచెయ్యట్లేదని. మా నాన్నకి 2.9 వచ్చింది. కిడ్నీ డాక్టర్‌కి చూపించమన్నారు. మేం వెళ్ళిన ఆసుపత్రిలో నెల దాటాక గాని డేటు దొరకలేదు. ఆలోగా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు.

నాన్న ముందు తిండి తగ్గించేశాడు. పప్పు వద్దన్నాడు, గుడ్డు వద్దన్నాడు. నీళ్ళు బాగా తాగమని ఒకరు, తాగితే కాళ్ళు పొంగుతాయని ఇంకొకరు. చెంబు చేత్తో పట్టుకుని "ఏటి చెయ్యమంటావమ్మా?" అని నన్నే అడిగేవాడు. రాత్రిళ్ళు లేచి టార్చి వేసుకుని, పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతోందా అని చూసుకునేవాడు. ఊళ్ళో డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాళ్ళని ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషికి ఆ టెన్షన్ ఎలా తగ్గుతుంది?

జీడితోటలో పని చేసొచ్చి నడుం నొప్పికి మాత్ర వేసుకోవడం ఆయనకి అలవాటు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా పాడుచేస్తాయని డాక్టర్ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది. అప్పటిదాకా వేసుకుంటూనే ఉన్నాడు. క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీల శక్తి దాదాపు సగం పోయి ఉంటుందట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఉద్దానంలో షుగరు, బీపీ లేని రైతులకీ ఈ జబ్బు వస్తోంది. ఎందుకో ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఒకప్పుడు దేనికైనా విశాఖ కేజీహెచ్‌కి పరిగెత్తిన ఊళ్ళకి అది చిన్న సంగతి కాదు. అయినా రోగులు ఇంతమంది ఉన్నచోట పెద్ద డాక్టర్ కోసం ఆగక తప్పదు, ఒప్పుకుంటాను.

కానీ డేటు రాసిచ్చే చీటీ వెనక రెండు మాటలు రాయడానికి స్పెషలిస్టు అక్కర్లేదు కదా. నొప్పి మాత్రలు కొనుక్కోవద్దు, బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా డేటు కోసం చూడకుండా వెంటనే వచ్చెయ్యండి. చదువు రానివాళ్ళకి ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు చెప్పొచ్చు.

పక్కింటి అప్పకి మొన్ననే డేటు ఇచ్చారు. ఆమె మాత్రల కవరు విప్పించి, నొప్పి మాత్రలు పక్కన పెట్టించాను. మా ఆశా కార్యకర్తతోనూ మాట్లాడాను. వీధిలో డేటు కోసం ఆగినవాళ్ళ ఇళ్ళకి ఈ ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం.